మా గోదాములో బండ్లు ఎందుకు ఆపామంటే

ఈమధ్య మీ సరుకు ఆలస్యంగా వస్తోంది. అడిగినవాళ్లున్నారు, కోప్పడ్డవాళ్లున్నారు. సంగతేమిటో ఉన్నదున్నట్టు చెప్తాను.

ర్యాకుల దగ్గర్నుంచి ప్యాకింగ్ బల్లల దాకా ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చే పలకలు, మోసే డ్రైవర్ లేని బండ్లను ఆపేశాం. లేజర్‌తో దారి చూసే లైడార్, మోటార్లు, బ్యాటరీలు అన్నీ బాగానే ఉన్నాయి. అయితే ఏ బండి ఏ దారిన పోవాలి, దారులు కలిసేచోట ఎవరు ఆగాలి, ఎవరు చార్జింగ్‌కి వెళ్లాలి అన్నది ఫ్లీట్ సాఫ్ట్‌వేర్ చెప్పాలి. అది అమ్మిన కంపెనీ చేతిలో ఉంది. పాత వెర్షన్‌కు సపోర్ట్ ఆపేస్తున్నాం, కొత్తదానికి నెలనెలా చందా కట్టండి, మీ పాత బండ్లు అందులో నడవవు కాబట్టి అవీ మార్చుకోండి అని రెండు పేరాల మెయిల్ పడేశారు. ఇన్నేళ్ల బేరం, ఒక్క ఫోన్ కూడా చెయ్యబుద్ధి కాలేదు!

సంతకం పెట్టేస్తే మీకు ఈ ఆలస్యం ఉండేది కాదు. మా అకౌంటెంటూ అదే అన్నారు. ఎన్నో రాత్రులు లెక్కలు వేసుకున్నాను, చివరికి పెట్టలేదు. ఇప్పుడు తలొగ్గితే వచ్చే మెయిల్‌కీ తలొగ్గాల్సిందే. 2012లో గోదాము రోబోలు చేసే కీవాను అమెజాన్ 77.5 కోట్ల డాలర్లకు కొనేసింది. తర్వాత ఆ రోబోలు బయటివాళ్లకు అమ్మడం ఆగిపోయింది. వాటినే నమ్ముకున్న గోదాములు వేరే దారి వెతుక్కున్నాయి. అంత పెద్దవాళ్లకే తప్పలేదు, మేమెంత?

కొత్త బండ్లు కొంటాం. ఈసారి వీడీఏ 5050 ఉన్నవే. వేర్వేరు కంపెనీల బండ్లను ఒకే సాఫ్ట్‌వేర్‌తో నడిపేందుకు జర్మనీ వాహన పరిశ్రమ సంఘం ముందుండి తెచ్చిన ఉమ్మడి పద్ధతి అది. బ్రోచర్‌లో ఆ పేరు అచ్చేస్తే చాలదు. రెండు కంపెనీల బండ్లు మా గోదాములోనే ఎదురుపడి, ఒకటి ఆగి రెండోదానికి దారివ్వడం నా కళ్లతో చూశాకే డబ్బు కడతాను. మెరిసే ప్లాస్టిక్ చుట్టిన ప్యాలెట్లు కూడా దారిలో పెట్టి చూస్తాం. లైడార్ తడబడేది అక్కడే. డెమోలో మాత్రం అందరూ అట్టపెట్టెలే పెడతారు.

అప్పటిదాకా మనుషులే హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కులతో లాగుతున్నారు. మధ్యాహ్నం లోపు వచ్చిన ఆర్డర్లు ఆ రోజే వెళ్తాయి, తర్వాతవి మర్నాడు. రేట్లు పెంచడం లేదు. పెద్ద ఆర్డరైతే ముందురోజే ఒక మాట చెప్పండి, అదనంగా మనుషుల్ని పెట్టుకుంటాం. పాత కంపెనీవాళ్లు ఇప్పుడు డిస్కౌంట్ ఇస్తామంటున్నారు. ఆ మెయిల్‌కి నేనింకా జవాబివ్వలేదు, ఇవ్వను కూడా.