గట్టు మీది పేట సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మన పేటకు పనికొచ్చేవి చూసుకుని మున్సిపాలిటీని అడగాలని పోయినేడు తీర్మానించుకున్నాం. ముందుగా గోడ మీద పదిహేడు రంగుల గళ్లు వేయించాం. నెల తిరక్కుండానే సగం గళ్ల మీద సినిమా పోస్టర్లు పడ్డాయి. ఆ ఖర్చు దండగే, ఒప్పుకుంటున్నాను.

పనికొచ్చింది ఆరో లక్ష్యం, అంటే నీళ్లు. రికార్డులో మన పేటలో ఇంటింటికీ కుళాయి ఉంది. నిజమే, ఉంది. నేల మీద పెడితే నీళ్లెక్కవు కాబట్టి గుమ్మం ముందు మోకాలి లోతు గుంట తవ్వి, పైపు కోసి, అందులోకి దించుకున్నాం. ఆ గుంటలో బిందె పట్టదు. చిన్న గిన్నె పెట్టి, పట్టిన నీళ్లు బిందెలో పోసుకోవాలి. వాన పడితే మురుగు చేరి కుళాయి మూతి మునుగుతుంది. సరఫరా ఆగగానే పైపు ఆ మురుగును లోపలికి లాగేసుకుంటుంది.

ఈ లక్ష్యం కింద మంచినీళ్లను కొలిచేటప్పుడు మూడు సంగతులు చూస్తారు: ఇంటి దగ్గరే ఉన్నాయా, కావలసినప్పుడు వస్తాయా, కలుషితం కాకుండా ఉన్నాయా. మనం మొదటిదాంట్లో మాత్రమే పాసయ్యాం.

అందుకే నోటుపుస్తకం పెట్టాం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకు నీళ్లు కట్టేసి, ఊరంతా చెరువు నీళ్ల మీద బతికే ఎండాకాలంలో మూడో వీధిలోని తొమ్మిదో తరగతి పిల్ల రోజూ రాసింది. ఒక రోజు ఇలా ఉంది: "5.10కి వచ్చాయి. 5.35కి పోయాయి. నాలుగు బిందెలు. వాసన."

ఆ పుస్తకంతో ఆఫీసుకు వెళితే, "ఐక్యరాజ్యసమితి సంగతి ఢిల్లీలో అడగండి" అన్నారు. రెండోసారి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు నకలు కూడా పట్టుకెళ్లాం. మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల్లో నీటి సరఫరా, పారిశుధ్యం, మురికివాడల మెరుగుదల ఉన్నాయి. ఈసారి కూర్చోమన్నారు. మొదటి రెండు వీధుల్లో కొత్త పైపు పడింది, గుంటలు పూడ్చేశాం. మూడు, నాలుగు వీధులకు మాత్రం ఇంకా గుంటలే. పుస్తకం రాసిన పిల్లది మూడో వీధి అన్న సంగతి నాకు గుచ్చుకుంటూనే ఉంది.

మరుగుదొడ్ల విషయంలో కదలిక లేదు. మూడడుగులు తవ్వితే నీరూరే నేలలో సెప్టిక్ ట్యాంకు ఎలా కట్టాలో ఎవరూ చెప్పడం లేదు. డ్రెయినులో గుర్రపుడెక్క ఒకసారి తీయించారు, మళ్లీ పెరిగింది.

ఇళ్ల పట్టాల సంగతి. ఊరవతల స్థలాలిస్తాం, గట్టు ఖాళీ చేయండి అన్న మాట మళ్లీ వచ్చింది. మనలో కొందరు సరేనంటున్నారు. తెల్లారకముందే రైసుమిల్లుకు, రొయ్యల షెడ్డుకు వెళ్లేవాళ్లు వద్దంటున్నారు. పదకొండో లక్ష్యంలో భద్రమైన, భరించగల ఇళ్లు, కనీస సదుపాయాలు అందరికీ అందాలని, మురికివాడలను బాగుచేయాలని ఉంది. పనికి దూరంగా పడేయమని నాకైతే ఎక్కడా కనబడలేదు. దీని మీద సమావేశంలో ఓటు పెడదాం.

జమాఖర్చులు ఆరోజే చదువుతాను. చందా బాకీ ఉన్నవాళ్లు ఈలోగా కట్టేయాలి.

ఆ పిల్ల ఈ ఏడు పదో తరగతికి వచ్చింది, ఇక రాయలేదు. కాలువలు మళ్లీ కట్టేసేలోగా పుస్తకం పట్టుకోవడానికి వీధికొకరు పేరు ఇవ్వండి.

కార్యదర్శి