అవయవదానం అడిగే తీరు మార్చండి: తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

గత ఏడాది విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దాటాక జరిగిన ప్రమాదంలో మా తమ్ముడికి తలకు దెబ్బ తగిలింది. వాడికి 31 ఏళ్లు. మూడో రోజు వైద్యులు జీవన్మృతి (బ్రెయిన్ డెత్) అన్నారు, అంటే మెదడు ఇక కోలుకోలేనంతగా పూర్తిగా ఆగిపోయిందని. వెంటిలేటర్ మీద ఛాతీ లేచి పడుతోంది, అరచేయి వెచ్చగా ఉంది. అమ్మ ఆ చేయి వదల్లేదు. "ఊపిరి ఆడుతుంటే పోయాడంటారేమిటి?" అని అడిగింది. కూర్చుని జవాబు చెప్పినవారు లేరు. బిల్లుల కౌంటర్ దగ్గర ఒకాయన వచ్చి, కట్టాల్సిన మొత్తం చెప్పి, ఆ మాట వెంటే అవయవదానం సంగతి ఎత్తాడు. డబ్బుకూ బిడ్డ గుండెకూ ముడిపెడుతున్నారనిపించింది. నాన్న చేతులు జోడించి వద్దన్నారు. నేనూ వద్దన్నాను.

పెద్దకర్మ అయ్యాక బీరువాలో వాడి సర్టిఫికెట్ల మధ్య ఒక కాగితం దొరికింది. అది అవయవదాన ప్రతిజ్ఞాపత్రం. కేంద్రం 2023లో తెచ్చిన ఆధార్ ఆధారిత నమోదులో వాడు పేరు రాయించుకున్నాడు, మాకు చెప్పలేదు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు మమ్మల్ని మొదట అడిగింది ఆధార్ కార్డే. ఆ సంఖ్యతో వాడి కోరికను వెతికి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

వద్దని ముందే రాసివ్వని ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నట్టే లెక్కకట్టే చట్టం మనకూ రావాలని కొందరు అంటున్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. స్పెయిన్‌లో అలాంటి చట్టం 1979లోనే వచ్చింది. అయినా అక్కడ నేటికీ కుటుంబాన్ని అడిగే ముందుకు వెళతారు. ఆ దేశంలో దానాలు పెరిగింది 1989లో జాతీయ సంస్థ పెట్టి, ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన సమన్వయకర్తలను నియమించాకే. ఆ రోజు మమ్మల్ని అడగకుండానే తమ్ముడి మీద కత్తి పెట్టి ఉంటే, మా ఊళ్లో ఇంకెవరూ అవయవదానం మాట ఎత్తనిచ్చేవారు కాదు.

మనకున్న చట్టం చాలు. ఐసీయూలో జీవన్మృతి జరిగితే కుటుంబాన్ని తప్పక అడగాలని కేంద్ర అవయవమార్పిడి చట్టానికి చేసిన 2011 సవరణ చెబుతోంది. దాన్ని మన శాసనసభ 2025లో స్వీకరించింది. 2013 నుంచి నిమ్స్ కేంద్రంగా నడుస్తున్న ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ వల్ల ఈ రాష్ట్రం దేశంలో ముందు వరుసలో ఉంది. అందుకు గర్వపడుతూనే అడుగుతున్నాను. అడగాలని చట్టం ఉంది సరే, అడిగేదెవరు? ఆసుపత్రి లాభనష్టాలతో సంబంధం లేని మనిషి కావాలి. ఆ సమన్వయకర్తకు జీతం జీవన్‌దాన్ నుంచే ఇవ్వండి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులతో మొదలుపెట్టండి. బిల్లు మాట్లాడే నోరు దానం గురించి మాట్లాడకూడదని ఉత్తర్వు ఇవ్వండి.

జీవన్మృతిని నలుగురు వైద్యులు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ ఆరు గంటలు మేము వరండాలో నేల మీద కూర్చున్నాం. ఆ సమయం కుటుంబానిది. వెంటిలేటర్ కాసేపు తీసి, ఊపిరి తనంత తాను అందుకుంటుందో లేదో చూసే పరీక్షను రెండోసారి చేసేటప్పుడు ఇంట్లోవాళ్లలో ఒకరిని పక్కన నిలబెట్టండి. అమ్మ అడిగిన ప్రశ్నకు అక్కడే జవాబు దొరికేది. దానం మాట ఆ తరువాతే రావాలి.

మాకు తెలియని సంగతులు ఇంకా ఉన్నాయి. దానానికి ఒప్పుకున్నాక అవయవాలను కాపాడే ఖర్చు దాత కుటుంబం మీద పడకూడదని నిబంధన ఉంది. దానం జరిగితే పోస్టుమార్టం కోసం తెల్లారేదాకా ఆగనక్కర్లేదని కేంద్రం 2021లోనే చెప్పింది. వీటిని ఒక్క పేజీలో, మా నాన్న చదవగలిగే తెలుగులో అచ్చువేసి ప్రతి ఐసీయూ బయట పెట్టించలేరా?

వైద్యులు జీవన్మృతిని ధ్రువీకరించగానే ఆధార్ సంఖ్యతో ప్రతిజ్ఞల జాబితా చూడటం తప్పనిసరి చేయండి. ఆ రోజు ఆ కాగితం నా చేతిలో ఉండి ఉంటే నాన్నకు చదివి వినిపించేదాన్ని. ఆయన వాడి మాట కాదనేవారు కాదు.

పోయిన నెల అమ్మ, నాన్న, నేను ముగ్గురం పేర్లు నమోదు చేయించుకున్నాం. మా వంతు వచ్చేలోగా వాటిని తెరిచి చూసే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఒక అక్క,
నల్గొండ జిల్లా