పొగాకుకు వేలం, రొయ్యకు ఏజెంటు దయ

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో ఆక్వా రైతులు అమెరికా కాకుండా ప్రత్యామ్నాయ మార్కెట్లపై దృష్టి సారించాలని ఒక అధికారి గారు ఇచ్చిన సలహా వేశారు. ఫొటోలో వేదిక మీద పూలబొకేలు, మంచినీళ్ల సీసాలు బాగా పడ్డాయి. పోనీలే అని ఊరుకుందామనుకున్నాను గానీ మనసొప్పక రాస్తున్నాను.

దృష్టి సారించాల్సింది రైతంట! గుడ్లూరు మండలంలో చెరువు లీజుకు తీసుకున్నవాడు పొద్దున్నే లేచి నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకుని, మేత చల్లి, ఆ తర్వాత తీరిగ్గా జపానుకు ఫోన్ చేసి ‘అయ్యా, కిలోకు 50 తూగే రొయ్య, 50 కౌంట్ ఉంది, కొంటారా’ అని అడగాలి కాబోలు. రొయ్య కొనేదీ, తల తీసేదీ, గడ్డకట్టించి ఓడ ఎక్కించేదీ ప్లాంట్ల వాళ్లు. ఏ దేశానికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో వాళ్లిష్టం. కొత్త మార్కెట్లు వెతకమని చెప్పాల్సింది వాళ్లకి. చెప్పడానికి నోరు రాదు, వేదిక మీద పక్క కుర్చీల్లో కూర్చునేది వాళ్లే గనక.

అమెరికా సుంకం సంగతి అందరికీ తెలిసిందే. 2025 ఆగస్టు 7న 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో 27న మరో 25 వేశారు. మరీ చవగ్గా తెచ్చి కుమ్మరిస్తున్నామని వేసే యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచి ఉండనే ఉంది. మనలాగే రొయ్యలమ్మే ఈక్వడార్‌కు మాత్రం అప్పుడు 15 శాతంతో సరిపెట్టారు. చమురు కొన్నదెవరో, శుద్ధి చేసి అమ్ముకున్నదెవరో, దెబ్బ మాత్రం రామాయపట్నం పక్కనున్న చెరువుకు. సరే, అది ఢిల్లీ వాళ్లూ వాషింగ్టన్ వాళ్లూ తేల్చుకోవాల్సిన వ్యవహారం, నేను ఉత్తరం రాస్తే తేలేది కాదు. నా బాధంతా చెరువు గట్టు మీద జరిగే దాని గురించి.

అంతకుముందే, 2025 ఏప్రిల్ 2న ట్రంప్ 26 శాతం అన్నాడు. ఒకటి రెండు రోజుల్లోనే మా దగ్గర కిలోకు ముప్పై, నలభై కోసేశారు. ఇంకా ఒక్క కిలో మీద కూడా కొత్త సుంకం పడలేదు కదా అంటే ‘పైనుంచి చెప్పారు’ అన్నాడు ప్లాంటు తరఫున కొనే ఏజెంటు. వారం తిరిగేసరికి అదే ట్రంప్ 90 రోజులు వాయిదా అని, అప్పటిదాకా 10 శాతమే అని ప్రకటించాడు. ఆ కబురు పైనుంచి కిందికి దిగడానికి ఎందుకో చాలా రోజులు పట్టింది.

పట్టుబడి, అంటే చెరువులో రొయ్య పట్టడం, ఎలా జరుగుతుందో ఆ అధికారి గారు ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేది. రాత్రి వల దించితే తెల్లారేలోపు ముగించాలి. గట్టు మీద లైటు వెలుతుర్లో కిలో రొయ్య తూచి, పట్టా మీద పోసి ఒక్కొక్కటే లెక్కపెడతారు. 52 వస్తే 52 కౌంట్. ఐసు కొట్టి బండి పంపించాక ప్లాంటు నుంచి ఫోను వస్తుంది, 56 పడిందని, పైగా పెంకు మెత్తబడ్డ సాఫ్ట్ షెల్ ఉంది గనక తరుగు తీస్తున్నామని. కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదని రేటు తగ్గిస్తారు. కాదని ఏం చేస్తాం? నీళ్లలోంచి తీసిన రొయ్యను మళ్లీ చెరువులో వేయలేం. బండి వెనక్కి రప్పించి ఇంకొకరికి అమ్మేలోపు అది ఎరువుకు కూడా పనికిరాదు. డబ్బులు చేతికొచ్చేది ఎప్పటికో. మేత బాకీ వాడు మాత్రం పట్టుబడి రోజే గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

మా కందుకూరు ప్రాంతంలో పొగాకూ ఉంది, రొయ్యా ఉంది. పొగాకు కూడా విదేశాలకు పోయే సరుకే. బ్రెజిల్‌లో, జింబాబ్వేలో పంట బాగా పండితే ఇక్కడ ఏడుస్తాం, వాళ్ల పంట వానకు పోతే ఇక్కడ నవ్వుతాం. అయినా దానికి 1976 నుంచి బోర్డు ఉంది, ఎనభైల నుంచీ వేలం ఉంది. కందుకూరులోనో, టంగుటూరులోనో, కొండపిలోనో ప్లాట్‌ఫారం మీద బేలు, అంటే పొగాకు కట్ట పెడితే రేటు అందరి ముందే తేలుతుంది, ఏ గ్రేడు ఎంతకు పోయిందో సాయంత్రానికి ఊరూరా తెలుస్తుంది. వేలంలో కుమ్మక్కులు లేవని నేననను, ఎవరూ పాడక నోబిడ్ అని బేలు తోసేసిన రోజు పొగాకు రైతు మొహం చూడలేం. కానీ రేటు నచ్చకపోతే బేలు ఇంటికి తెచ్చుకోవచ్చు, మళ్లీ పట్టుకెళ్లొచ్చు. నిలవ ఉండే పొగాకుకు వేలం పెట్టి, పూట కూడా ఆగని రొయ్యను ఏజెంటు దయకు వదిలేశారు.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ఉంది కదా అంటారు. ఉంది, 1972 నుంచి, కొచ్చిలో. ఎగుమతుల లెక్కలు బాగా వేస్తుంది. 2024-25లో 7.41 లక్షల టన్నుల రొయ్య దేశం దాటితే 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే పోయిందని వాళ్లే చెప్పారు. పదింట నాలుగు ఒకే గుమ్మంలో దించాం, ఆ గుమ్మం మూస్తే ఏం చేయాలన్నది ఇరవై ఏళ్ల యాంటీ డంపింగ్ గొడవ చూశాక కూడా ఎవరికీ తట్టలేదు. రికార్డు ఎగుమతులని ఏటా చప్పట్లు కొట్టుకోవడం మాత్రం తట్టింది.

అసలు మేం పెంచే ఈ వనామీ రకం మన రొయ్యే కాదు, ఈక్వడార్ వైపు సముద్రానిది. తొంభైల్లో అంతకుముందు పెంచిన టైగర్ రొయ్యను వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తినేసింది. ఆ దెబ్బకు కండలేరు క్రీక్ పొడవునా చెరువులు ఎలా ఎండిపోయాయో నెల్లూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2009లో వనామీకి అనుమతిచ్చారు. తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానమెక్కి చెన్నై క్వారంటైన్‌లో దిగి, అక్కణ్ణుంచి రొయ్య పిల్లలు తీసే హేచరీలకు వస్తాయి. 2021లో మేతలో కలిపే సోయా ధర ఆకాశానికెక్కితే మేత బస్తా రేటూ దాని వెంటే పోయింది, చివరికి కేంద్రం 12 లక్షల టన్నుల సోయా పిండి దిగుమతికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే మేం కొనేదంతా ప్రపంచ ధరకు, అమ్మేది మాత్రం ఏజెంటు చెప్పిన ధరకు. ముప్పై ఏళ్లకు పైగా వింటున్న ప్రపంచీకరణ మా గట్టు దాకా వచ్చింది ఇంతే.

ఇంకో సలహా, మనవాళ్లే రొయ్యలు ఎక్కువ తినాలట. చేపల పులుసుకు పేరుపడ్డ నెల్లూరు సీమకు వచ్చి తినడం నేర్పుతున్నారు! వీధికో చికెన్ కొట్టు ఉంది, ఐసులో పెట్టి శుభ్రమైన రొయ్య అమ్మే కొట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. కరెంటు సంగతి ఎత్తితే, ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్, నాన్ జోన్ అని తేడా పెట్టారు. గట్టుకు ఇవతల చెరువుకు యూనిట్ రూపాయిన్నర, అవతల చెరువుకు అది వర్తించలేదు. ఏరేటర్లు రెండింట్లోనూ ఒకేలా తిరుగుతాయి. ఇక 2022లో మా నియోజకవర్గాన్ని ప్రకాశం నుంచి నెల్లూరుకు మార్చిన పుణ్యాన, నెల్లూరులో ఉన్నన్నాళ్లూ ఒక ఆఫీసులో కాగితం అడిగితే పాత ఫైలు ప్రకాశం జిల్లా కేంద్రం ఒంగోలు నుంచి రాలేదనేవారు. అమెరికాకు పోయిన రొయ్య వాళ్ల కడుపులో అరిగిపోయింది గానీ ఒంగోలు ఫైలు సింగరాయకొండ దాటలేదు.

ధర పడినప్పుడల్లా మంత్రులు ఎగుమతిదారులతో కూర్చుని కౌంట్ వారీగా రేట్లు ప్రకటిస్తుంటారు. ఆ రేటు అడిగితే ‘అయితే మంత్రిగారికే అమ్ముకో’ అంటాడు ఏజెంటు. ప్రకటనలు చాలు. పట్టుబడికి రెండు రోజుల ముందే కౌంటూ టన్నులూ చెబితే ప్లాంట్లు రేటు పాడాలి. పొగాకు వేలమే ఎలక్ట్రానిక్ అయింది, రొయ్యకు ఫోన్లో పెట్టడానికి ఏమడ్డం? గట్టు మీద పడిన కౌంటే ఖరారు కావాలి.

అది వచ్చేలోపు మీరొక పని చేయొచ్చు. బంగారం, వెండి, కోడిగుడ్ల ధరలు వేస్తున్నారు కదా. 30 నుంచి 100 దాకా ఏ కౌంట్‌కు ఏ ప్లాంటు ఎంతిస్తుందో పేర్లతో సహా రోజూ వేయండి. అధికారుల సలహాలకు ఇచ్చే చోటులో సగం సరిపోతుంది.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
గుడ్లూరు మండలం