దసరా పొడుపు చీటీలు: ఫలితాలు, బొబ్బట్ల పంచాయతీ

అందరికీ నమస్కారం. మన కొట్టు దసరా స్వీటు డబ్బాల్లో పెట్టిన పొడుపుకథల చీటీల ఫలితాలు ఎప్పుడని కౌంటర్ దగ్గర రోజూ అడుగుతున్నారు. చెప్పేస్తాను. ముందు బొబ్బట్ల గొడవ తేలాలి.

చీటీలో ఉన్నది ఇదీ: 'చెయ్యి కాలితే వచ్చేది ఒకటి, పెనం మీద కాలేవి ఇంకొన్ని. రెండూ కలిస్తే తీపి.' బొబ్బ, అట్లు. వెరసి బొబ్బట్లు. అనంతపురం వైపు వాళ్ళు ఓళిగలు అని రాశారు. తెలంగాణ వాళ్ళు భక్షాలన్నారు. పక్క వీధి కన్నడ ఆవిడ ఒబ్బట్టు అని రాసిచ్చారు. తినేది ఒకటే కదండీ, మార్కెందుకివ్వరు అని నిలదీశారు. ఇవ్వలేనండీ. ఇది పేరును విరిచి ఆడే ఆట. ఓళిగలో బొబ్బ ఏది, భక్షంలో అట్టు ఏది? ఒబ్బట్టుకి మాత్రం ఒక్క 'బ'కారమే తక్కువైంది, ఆవిడకి అర మార్కు.

'అన్నీ కోస్తా పేర్లేనా' అన్నారు చూడండి, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. బెంగళూరు మారతహళ్ళిలో మన కొట్టుకి అన్ని జిల్లాల వాళ్ళూ వస్తారు. అందుకే సంక్రాంతి చీటీలకి కర్నూలు, వరంగల్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇద్దరు పాత కస్టమర్లు పొడుపులు కట్టిస్తామన్నారు.

'రాజుగారి ఊళ్ళో గుడిసె' అంటే మైసూర్ పాక్. పాక వేరు, పాక్ వేరు అని ఒక మాస్టారు వాదించారు. ఆటలో ఆ మాత్రం పొల్లు చూసీచూడనట్టు పోవాలి మాస్టారూ.

నాకు బాగా నచ్చింది 'చలికాలంలో వేసుకునే పొట్టి గౌను'. చలిమిడి. చలిమిడి ఎరిగిన పెద్దవాళ్ళకి మిడి తెలియదు, మిడి వేసుకునే పిల్లలకి చలిమిడి తెలియదు. అమ్మమ్మా మనవరాలూ కలిసి కూర్చున్న ఇళ్ళ నుంచే సరైన జవాబులొచ్చాయి.

వ్యాపారం పెరిగిందా అంటే, లేదు. చీటీల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి, డబ్బా కొననివాళ్ళూ జవాబులు పంపారు. వాళ్ళనీ లెక్కలోకి తీసుకున్నాం. కొన్నవాళ్ళకే అన్న షరతు పెట్టలేదు, ఇకమీదట పెట్టను కూడా.

ఇబ్బందల్లా బహుమతితోనే. ఒక్కరికి కిలో పూతరేకులు అనుకున్నాం. అన్నీ సరిగ్గా రాసినవాళ్ళు ఎక్కువమందే తేలారు. లాటరీ తీద్దామన్నాడు మా తమ్ముడు. బుర్ర పెట్టి రాసినవాళ్ళ మధ్య అదృష్టాన్ని దూర్చడం నాకు ఇష్టం లేదు. అందుకని కిలోలు మానేసి, ఇంటికి ఐదేసి ఇస్తున్నాం. ఇవి ఆత్రేయపురం రేకులే. ఆ ఊరి పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ సరుకు ఆ ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, ఇంకెక్కడివో చుట్టి ఆ పేరు పెట్టను.

రేకులు నలగకుండా బస్సు దిగాలి, నెయ్యి రాసి చుట్టాలి. శనివారం సాయంత్రం ఐదు దాటాక రండి. గెలిచినవాళ్ళ ఫోన్ నంబర్ల చివరి నాలుగంకెలు కౌంటర్ పక్కన అంటించాం, చూసుకుని వస్తే చాలు.