పే స్లిప్‌లో ఆ 105 రూపాయల కోత: కొందరికి చెప్పాల్సిన థాంక్స్

నిన్న కొత్త ఉద్యోగంలో మొదటి జీతం పడింది. ఈ పోస్టు ఎప్పుడో పెట్టాల్సింది, జీతం పడ్డాకే పెడదామని ఆగాను.

2020 లాక్‌డౌన్ దాకా జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో చేసేవాణ్ని. జూన్‌లో వెళ్తే "ఆర్డర్లు లేవు, పిలిచినప్పుడు రండి" అని గేటు దగ్గరే పంపేశారు. జులైలో పేరే తీసేశారు. నా జీతం 14,000. అందులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద నెలకి 105 కోసేవారు. ఒక్కరోజూ ఆస్పత్రి గడప తొక్కలేదు, ఈ కోత దేనికని స్లిప్ చూసినప్పుడల్లా గొణుక్కునేవాణ్ని.

సెప్టెంబరులో మా పాత అకౌంట్స్ అన్న ఫోన్ చేశాడు. "అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఈఎస్‌ఐలోనే ఉందిరా. పని పోయినవాళ్లకి 90 రోజుల దాకా సగం జీతం లెక్కన ఇస్తున్నారు" అన్నాడు. అంతకుముందు పావు వంతే ఉండేదట, కరోనా అని సగం చేశారు. మూడు నెలలు ఆగకుండా 30 రోజులకే అడగొచ్చు. అన్నిటికన్నా మేలు, పాత కంపెనీ ద్వారా పోనక్కర్లేదు. ఫోన్ కూడా ఎత్తని వాళ్ల చేత సంతకం ఎలా పెట్టించేది?

రెండేళ్లు ఈఎస్‌ఐలో ఉండాలి, పని పోయే ముందటి ఆరు నెలల చందా కాలంలోనూ, ఆ రెండేళ్లలో అలాంటి ఇంకో కాలంలోనూ కనీసం 78 రోజుల చొప్పున చందా కట్టి ఉండాలి. అవి సరిపోయాయి. చిక్కంతా పేరుతోనే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఈఎస్‌ఐలో పొడి అక్షరమే. బ్రాంచి ఆఫీసులో మేడమ్ నా కాగితాలు వెనక్కి తోసేస్తుందనుకున్నాను. ఆవిడ మాస్కు సర్దుకుని, పెన్సిల్‌తో రెండు పేర్ల కిందా గీత గీసి, "ఇది సరిచేయించుకుని రా, ఫైలు నా దగ్గరే ఉంచుతా" అంది. అన్నట్టే ఉంచింది. దరఖాస్తుతో పెట్టాల్సిన అఫిడవిట్ కోసం మాత్రం ఒక పూటంతా తిరిగాను. నవంబరులో అది అక్కర్లేదని తీసేశారు, నా టైమింగ్ అలాంటిది!

చివరికి దగ్గర దగ్గర 20 వేలు నేరుగా బ్యాంకులో పడ్డాయి. మూడు నెలల అద్దె బాకీ తీరింది. మేడమ్, మీకు చాలా థాంక్స్ అండి.

కొత్త చోట పీఎఫ్ కోత కూడా లేదు. కరోనాలో పని పోయి, వెయ్యి మంది దాకా ఉన్న కంపెనీల్లో 2022 మార్చి 31 లోపు మళ్లీ చేరిన 15 వేల లోపు జీతగాళ్లకి, మన 12 శాతం, కంపెనీ 12 శాతం రెండూ రెండేళ్లు కేంద్రమే కట్టేలా పెట్టిన పథకం ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన. ఇదీ అన్న చెప్పిందే.

ఆ అన్న నాతో కలిపి ఏడుగురికి ఫారాలు నింపాడు. ఆయన ఉద్యోగమూ మాతో పాటే పోయింది. జీతం 21 వేలు దాటినందుకు ఆయనకి ఈఎస్‌ఐ లేదు, పైసా రాలేదు. "టీ అయినా తాగుదాం రా అన్నా" అంటే నవ్వేశాడు. ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాడు. ట్యాలీ, జీఎస్‌టీ, పీఎఫ్ రిటర్నులు అన్నీ వచ్చు. మీ దగ్గర అకౌంట్స్‌లో ఖాళీ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నంబరు ఇస్తాను.