జోన్ల రంగులు సరే, ఆ తర్వాత మార్చేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

మా మంగళగిరి, తాడేపల్లి వైపు ఇప్పుడు నలుగురు కలిస్తే జోన్ల గోలే. ఏ నేలను దేనికి వాడాలో ఊరి మ్యాప్ మీద రంగులు వేసి చెప్పేవే ఈ జోన్లు. టీ కొట్టు దగ్గర అదే, గుడి అరుగు మీద అదే, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అయితే అర్ధరాత్రి దాకా అదే. కమర్షియల్ పడితే పన్ను పెరుగుతుందా, వ్యవసాయ జోన్ పడితే పొలం ఇక అమ్ముకోలేమా, రోడ్డు వెడల్పు చేస్తే మా మెట్లు పోతాయా అని ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు తెలిసినంత చెబుతున్నారు, తెలియనివాళ్లు ఇంకా గట్టిగా చెబుతున్నారు. అందరి మాటా విన్నాక నాకు అనిపించింది ఒకటే. ఏ రంగు వేయాలన్న దాని మీద మనలో మనం కొట్టుకుంటున్నాం గానీ, వేసిన రంగును ఆ తర్వాత ఎవరు, ఎలా మారుస్తారన్నది ఎవరూ అడగట్లేదు.

బయటివాళ్ల కోసం కాస్త ఊరి సంగతి చెప్పాలి. 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలను, వాటిలో కలిపిన పల్లెలతో సహా చేర్చి ఒక నగరపాలక సంస్థ చేశారు. విజయవాడ 1888లో మున్సిపాలిటీ అయితే 1981కి గానీ కార్పొరేషన్ కాలేదు. గుంటూరు 1866లో మున్సిపాలిటీ అయ్యి 1994 దాకా ఆగింది. మా పల్లెలకు మాత్రం పంచాయతీ బోర్డు తీసి మున్సిపాలిటీ బోర్డు, అది తీసి కార్పొరేషన్ బోర్డు పెట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. మేయరు, కార్పొరేటర్లు మాత్రం రాలేదు, పుట్టిన దగ్గర్నుంచీ అధికారుల పాలనే. అంటే మన వార్డు సభ్యుడిని పట్టుకుని మా వీధిని ఏ జోన్‌లో పెట్టారయ్యా అని నిలదీద్దామన్నా ఆ మనిషే లేడు. ఒక పక్క ఎయిమ్స్, ఇంకో పక్క జాతీయ రహదారి, వెనక రాజధాని, ఈ మూడింటి మధ్య భూమి రేటు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

నేను పుట్టింది చిర్రావూరు, మెట్టింది మంగళగిరి పాతూరు. అందుకని రెండు వైపుల వాదనా మా ఇంట్లోనే వినపడుతుంది. మా అన్నయ్యది నది పక్క నేల, అరటి, కంద, పసుపు పండుతుంది. ఆ నేలను ఆకుపచ్చ రంగులో ఉంచాలని కాగితం మీద ఎవరైనా అంటే బాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ వాడు అడిగేదానికి జవాబు లేదు: "గట్టుకు అవతల చేను వెంచర్ అయితే వాళ్లకు కోట్లు, నాది పచ్చ రంగు పడితే నేను మాత్రం ఊరికి ఆక్సిజన్ ఇస్తూ కూర్చోవాలా అమ్మాయ్?" అంటాడు. 2015 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ముసాయిదాలో అగ్రి జోన్లు అన్నప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు గొడవ చేసింది కూడా దీని మీదే. పంట మీద ప్రేమ లేక కాదు. నష్టం ఒకడికి, లాభం ఇంకొకడికి రాసిపెట్టే గీత అంటే ఎవరికైనా మండుతుంది.

ఇటు కుంచనపల్లి, వడ్డేశ్వరం వైపు ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లది ఇంకో గోడు. ఇళ్లు ఉండాల్సిన వీధిలో హాస్టళ్లు వచ్చాయని, రాత్రి పన్నెండు దాటినా బైకుల మోతేనని, ఒక్కో ఇంట్లో అన్నేసి గదులు కడితే మురుగు ఎటు పోతుందని వాళ్ల బాధ. ఈఎంఐ కట్టుకుంటూ ప్రశాంతంగా ఉందామని వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ గ్రూపులోనే ఒకాయన "నివాస జోన్ అంటే నివాసమే ఉండాలి, ఏ పనీ వ్యాపారమూ ఉండకూడదు" అని రాశాడు, అది చదివినప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

ఎందుకంటే మా అత్తగారింట్లో గుంట మగ్గం ఉంది. మంగళగిరి చీర నేసేది ఫ్యాక్టరీలో కాదు, ఇంట్లో. వంటింటికీ పడక గదికీ మధ్య నేలలో గుంట తీసి మగ్గం పెట్టుకుంటారు, మనిషి ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాడు. పడుగు సరిచేసుకోవడానికి, గంజి పెట్టుకోవడానికి ఇల్లు చాలదు, పొడవాటి వీధి కావాలి, పొద్దున్నే ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న చీర అది, నిజాం బోర్డర్ అని దేశమంతా కొనుక్కుంటారు. మరి ఆ ఇల్లు నివాసమా, పరిశ్రమా? మా వాడకట్టులో ఒకాయన పాత ఇల్లు తీసి కట్టుకుందామని ప్లాన్ గీయిస్తే, గీసినాయన మగ్గం గదిని హాలు అని రాశాడట, ఎందుకయ్యా అంటే అలా రాస్తేనే ఇబ్బంది ఉండదన్నాడట. అరవై డెబ్బై గజాల స్థలంలో ముందు ఇంత, పక్కన ఇంత ఖాళీ వదలండి, బండి పెట్టుకోవడానికి కింద స్టిల్టు వేయండి అంటే మగ్గం ఏ అంతస్తులో పెట్టుకోవాలి, గుంట ఏ స్లాబులో తవ్వుకోవాలి? ఇప్పటికే సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెంచుకుంటూ పోతే, వాన పడ్డప్పుడల్లా నీళ్లు వచ్చి గుంటలోనే నిలబడుతున్నాయి. నేత ఇళ్లున్న వీధులకు ఒక ప్రత్యేక నిబంధన రాయండి, ఇంట్లో మగ్గం ఉంటే అది నివాసమే అని ఒక్క వాక్యం చేర్చండి అని అడగడం అంత పెద్ద కోరికా?

మెయిన్ రోడ్డు మీద కొట్లు ఉన్నవాళ్లు కమర్షియల్ కావాలంటున్నారు, వెడల్పు మాత్రం వద్దంటున్నారు. రెండూ ఎలా కుదురుతాయో వాళ్లకే తెలియాలి. స్థలం పోయినవాళ్లకు టీడీఆర్ బాండ్లు, అంటే పోయిన స్థలానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు ఇస్తామంటారు, ఉన్నది ఒక్క గది కొట్టు, అందులో సగం పోతే ఆ బాండు పట్టుకుని ఎక్కడ ఇంకో అంతస్తు వేసుకుంటాడు చిన్నవాడు? ఇప్పటంలో 2022 నవంబరులో రోడ్డు వెడల్పుకని కూల్చినప్పుడు, నోటీసు ఇచ్చారా లేదా అన్న దగ్గరే వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. అది ఎవరి తప్పన్నది వదిలేద్దాం. ఇంటిముందు గోడ కూలేదాకా రోడ్డు గీత ఎక్కడుందో ఊళ్లో అందరికీ ఒకేలా తెలియకపోవడమే అసలు జబ్బు.

ఇక నేను మొదట చెప్పిన సంగతికి వస్తాను. మనం ఇంత కొట్టుకుని, అభ్యంతరాలు రాసి, ఏదో ఒక మ్యాప్ ఖాయం చేసుకున్నామే అనుకుందాం. ఆ మ్యాప్ అలాగే ఉంటుందా? ఉండదు. భూ వినియోగ మార్పిడి అని ఒకటుంది, ఆఫీసుల్లో చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ అంటారు. స్థలం యజమాని దరఖాస్తు పెట్టుకుంటాడు, ఫీజు కడతాడు, ఫలానా సర్వే నంబరులో ఇన్ని ఎకరాలు వ్యవసాయం నుంచి నివాసానికి, నివాసం నుంచి వాణిజ్యానికి మారుస్తున్నాం, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో చెప్పండి అని ఒక ప్రకటన వస్తుంది. ఎవరూ చెప్పరు, చెప్పడానికి ఎవరికీ తెలియదు గనక. తర్వాత ఉత్తర్వు వస్తుంది, రంగు మారిపోతుంది. ఒక్కో మార్పు విడిగా చూస్తే చిన్నదే. పదేళ్లలో అలాంటివి ఎన్ని పడితే ఆ మ్యాప్‌లో ఏం మిగులుతుంది? కబడ్డీ ఆడుతుంటే కూత పెట్టినవాడి కోసం మధ్యలో గీత జరిపినట్టే కదా ఇది. దరఖాస్తు ఎలా పెట్టాలో తెలిసినవాడు, ఫీజు కట్టగలిగినవాడు, నాలుగు ఆఫీసులు తిరిగే ఓపిక ఉన్నవాడు తన పొలాన్ని పచ్చ రంగులోంచి బయటికి తెచ్చుకుంటాడు, మా అన్నయ్య లాంటివాడు అందులోనే ఉండిపోతాడు. అలాంటప్పుడు ఆ పచ్చ రంగు పంటను కాపాడినట్టా, చేతకానివాడిని కట్టేసినట్టా?

ప్రభుత్వాలు కూడా ఇదే పని చేస్తాయి, కాకపోతే పెద్ద ఎత్తున చేస్తాయి. రాజధాని మాస్టర్ ప్లాన్‌లో మొదట లేని ఆర్-5 జోన్ పేదల ఇళ్ల స్థలాల కోసమని తర్వాత వచ్చి, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మన పక్క ఊళ్లలోనే. పేదలకు స్థలాలు ఇవ్వాలా వద్దా అన్నది కాదు నేను మాట్లాడేది, ఇవ్వాల్సిందే. ప్లాన్ అని ఒకటి చెప్పి, దాన్ని నమ్మి జనం నిర్ణయాలు తీసుకున్నాక మార్చడం గురించి మాట్లాడుతున్నా. ఈ విషయంలో ఏ పార్టీనీ మినహాయించక్కర్లేదు.

రంగు మారితే ఏమవుతుంది, ఊరు పెరగొద్దా అని అడిగేవాళ్లు నది దాటి విజయవాడ సింగ్‌నగర్ వెళ్లి అడగండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, కండ్రిక రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, కృష్ణ అంత నిండుగా ఉంటే మళ్లింపు కాలువలో వచ్చే బుడమేరు నీళ్లు నదిలోకి ఎలా దిగుతాయి? ఏరు పారే నేల ఇళ్ల నేల అయిపోయింది, ఒక్క రోజులో ఒక్కడు చేసింది కాదు అది, కొంచెం కొంచెంగా జరిగింది. మన వైపు కొండవీటి వాగు కథ కూడా ఇంచుమించు అంతే. నదిలో నీటిమట్టం ఎక్కువగా ఉంటే వాగు నీళ్లు కలవలేక వెనక్కి తన్ని పొలాల మీద పడతాయి, అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు తోడిపోసే ఎత్తిపోతల పెట్టారు. మోటార్లు ఉన్నాయి కదా అని వాగు పక్క నేలను కూడా ప్లాట్లకు వదిలేస్తే ఎలా? ఇలాంటి నేల విషయంలో మాత్రం ఫీజు కడితే మారే రంగు అసలు ఉండకూడదు, ఎంత పెద్దవాడు అడిగినా సరే.

వెంచర్ల సంగతి కూడా ఒక మాట. అనుమతి లేని లేఅవుట్‌లో రెండు సెంట్లు కొనుక్కున్న మేస్త్రీ, ఆటో డ్రైవరు, టీచరమ్మ, వీళ్లందరూ తర్వాత లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్‌ఆర్‌ఎస్ కింద డబ్బు కట్టి క్రమబద్ధం చేయించుకోవాలి. ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో ఇంత శాతమని కట్టమంటారు. వదలాల్సింది ఎవరు, వేసి అమ్మేసి వెళ్లిపోయినాయన. కట్టేదెవరు, కొన్నవాడు. కట్టినా ఆ వీధికి పార్కు రాదు, పిల్లలు రోడ్డు మీదే ఆడతారు. లేఅవుట్ వేసేటప్పుడే, మొదటి రాయి పాతేటప్పుడే ఆపితే ఈ తలనొప్పి ఉండదు. ఆపాలంటే ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో కొనేవాడికి ముందే తెలియాలి.

అందుకే నేను అడిగేది రంగు గురించి కాదు. ముసాయిదా ఏదైనా సరే ప్రతి గ్రామ, వార్డు సచివాలయం దగ్గర తెలుగులో, సర్వే నంబర్లు కనపడేంత పెద్ద కాగితం మీద గోడకు అతికించండి. వెబ్‌సైట్‌లో పెట్టాం, డౌన్‌లోడ్ చేసుకోండి అంటే మా అత్తగారు చూడలేరు, నేను ఫోనులో తెరిచి చూస్తే మా వీధి చీమ తలకాయంత కూడా కనిపించదు. ఏ ఊరికి ఆ ఊళ్లో, పెద్దపండగ ముందో వరికోతలప్పుడో కాకుండా, సాయంత్రం పూట సభ పెట్టండి, చెప్పింది రాసుకోండి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రాసి ఇవ్వండి. ఖాయమయ్యాక ఎవరైనా రంగు మార్చమని అడిగితే, ఆ దరఖాస్తు పెట్టింది ఎవరో, ఎంత నేలో, ఆనుకుని ఉన్నవాళ్లెవరో, వాళ్లకు ఇంటికి నోటీసు ఇవ్వండి. ప్రతి మార్పూ ఒక రిజిస్టరులో ఎవరైనా చూసుకునేలా ఉంచండి. కౌన్సిల్ వచ్చేదాకా పెద్ద మార్పులు ఆపితే ఇంకా మంచిది, ఎన్నుకున్నవాళ్లు ఒకరైనా ఉంటే అడగడానికి ఒక మొహం ఉంటుంది.

మీకూ ఒక మనవి. ఈ భూ వినియోగ మార్పిడి ప్రకటనలు మీలాంటి పత్రికల్లోనే, లోపలి పేజీల్లో, టెండర్ల పక్కన, భూతద్దం పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో వస్తాయి. అవి డబ్బు తీసుకుని వేసే ప్రకటనలు, సైజు మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ వాటి గురించి వార్త రాయడం మీ చేతిలో ఉంది. వారానికి ఒకసారి గుంటూరు జిల్లా ఎడిషన్‌లో, ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు, అభ్యంతరం చెప్పడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, ఇంతే ఒక చిన్న డబ్బాలో వేయండి. ఆదివారం వేస్తే మరీ మంచిది, ఆ రోజు మా వాడకట్టులో పేపరు పది చేతులు మారుతుంది.

ఇట్లు
ఒక పాఠకురాలు,
పాతూరు, మంగళగిరి, గుంటూరు జిల్లా