ఖాళీ మండపం బుక్ అయిపోయినట్టు ఎందుకు చూపించింది

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మా సైటులో హాళ్ళు పెట్టిన ఓనర్లకు, ముహూర్తం చేతిలో పట్టుకుని మండపం వెతుక్కునే కుటుంబాలకు ఈ కబురు. "హాలు ఖాళీగా ఉంది, మీ సైటేమో బుక్ అయిపోయిందంటోంది" అని నరసన్నపేట, బొబ్బిలి వైపు ఓనర్లు చెప్పింది నిజమే. తప్పు మాదే. ఒకే పూట ఇద్దరికి ఇచ్చేసిన సందర్భం లేదు గానీ, ఖాళీ హాళ్ళు జాబితాలో కనబడక ఓనర్లకు బేరాలు పోయాయి.

రోజును రెండు పూటలుగా లెక్కేస్తాం. పగలు ఉదయం 6 నుంచి సాయంత్రం 4 దాకా, రాత్రి మర్నాడు ఉదయం 6 దాకా. 2026 జనవరి 1 పగలు సున్నా, ఆ రాత్రి 1, అలా వరుస. ఒక హాలుకు రెండు బుకింగులున్నాయి అనుకోండి: మార్చి 5 రాత్రి నుంచి 6 పగలు (127–128), మార్చి 20 పగలు నుంచి 21 రాత్రి (156–159). ఎవరో 11 రాత్రి, 12 పగలు (139–140) అడిగారు. పాత సెర్చ్ మొదలు పూటలన్నీ ఒక చోట, ముగింపు పూటలన్నీ ఇంకో చోట దాచేది. "140 లోపు మొదలైనది ఉందా?" ఉంది, 127. "139 తర్వాత ముగిసేది ఉందా?" ఉంది, 159. అయితే బుక్ అయిపోయింది! ఒక బుకింగు తల, ఇంకో బుకింగు తోక కలిపేసి లేని పెళ్ళి చేసేసింది.

ఇప్పుడు ప్రతి బుకింగునూ గ్రాఫ్ కాగితం మీద ఒక చుక్కగా పెడుతున్నాం. అడ్డంగా మొదలు, నిలువుగా ముగింపు. మొదటిది (127, 128), రెండోది (156, 159). వెతకడమంటే ఒక చట్రం గీయడం: అడ్డంగా 0 నుంచి 140, నిలువుగా 139 నుంచి పైకొస వరకు. అందులో చుక్క పడితే ఆ హాలు దొరకదు. మొదటి చుక్క చట్రానికి కింద, రెండోది కుడి పక్కన ఉండిపోయాయి. హాలు ఖాళీ.

వెతకడానికి మేం వాడే సాఫ్ట్‌వేర్ అపాచీ సోలర్ (ఇంటి మీద పెట్టే సోలార్ కాదు). దగ్గర్లోని హాళ్ళు చూపించే మ్యాప్ వెతుకులాటే తేదీలకూ పనిచేస్తుంది, కాకపోతే చుక్కలు దాచే ఫీల్డులో 'జియో' (ఇవి భూమి మీది చోట్లు అని చెప్పే సెట్టింగు) అన్నది ఫాల్స్ చేయాలి. లేకపోతే నిలువు సంఖ్యను అక్షాంశం అనుకుని 90 దాటగానే ఎర్రర్ ఇస్తుంది. కాగితం హద్దులు 0 నుంచి 2048 పెట్టాం. ఆ కాగితాన్ని సోలర్ సగానికి సగం 11 సార్లు కోస్తే సరిగ్గా ఒక పూట గడి వస్తుంది. 2048 పూటలంటే 1024 రోజులు, కాబట్టి 2028 అక్టోబరు 20 దాటిన తేదీలు ప్రస్తుతానికి తీసుకోం.

అసలు తలనొప్పి 'డిస్ట్‌ఎర్‌పీసీటీ' (చట్రం అంచుల్లో ఎంత తేడా ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగు) దగ్గర వచ్చింది. ఏమీ రాయకపోతే అది 0.025. చట్రం ఎంత పెద్దదైతే అంచులు అంత మొద్దుగా తీసుకుంటుంది. మన చట్రం ఎత్తే 1900 పూటలు, కాబట్టి అంచు దగ్గర సుమారు 16 పూటల, అంటే 8 రోజుల గళ్ళతో కొలిచింది. వారం అవతలి పెళ్ళి కూడా అడ్డమొచ్చింది. దాన్ని 0 చేశాం. గడి గీత మీద పడితే పక్క గడి కూడా అంటుకుంటుంది కనుక చుక్కలకు 0.5 కలిపి గడి మధ్యలో పెట్టాం, చట్రం అంచులు 140.75, 139.25 చేశాం.

మీ వైపు నుంచి వచ్చే పొరపాటు ఒకటుంది. శుభలేఖలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, 2.35 గంటలకు" అని ఉంటే దాన్ని గురువారం రాత్రి పూటగానే ఎక్కించండి. క్యాలెండరు చూసి శుక్రవారం రాత్రి అని కొడితే అసలు పూట ఖాళీగా కనబడుతుంది. ముగింపు తేదీ మొదలుకంటే ముందు పడితే ఇంకా ప్రమాదం. (159, 156) అన్న చుక్క 157–158 అడిగినప్పుడు చట్రంలో పడదు. అలాంటివి ఇక ఫారమ్‌లోనే ఆగిపోతాయి. డెకరేషన్ విప్పడానికి ఒక పూట కావాలనే ఓనర్లు చెబితే ముగింపుకు 1 కలుపుతాం.

ఇలాంటి సెర్చ్ కొత్తగా తయారుచేసుకునేవాళ్ళకు ఒక మాట: సోలర్ 5 నుంచి తేదీల కోసమే రేంజ్ ఫీల్డు ఉంది, ముందు అదే చూడండి. మాకు పూటల లెక్క కాబట్టి ఈ చుక్కల దారి పట్టాం.

బుకింగు ఖాయమయ్యాక సెర్చ్‌లోకి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే అడ్వాన్సు తీసుకునే ముందు సెర్చ్ మాట నమ్మం, డేటాబేసులో మళ్ళీ చూస్తాం. జాబితాలో ఖాళీగా కనబడి అడ్వాన్సు దగ్గర "ఇప్పుడే బుక్ అయింది" అని వస్తే కారణం ఇదే. మీ డబ్బు కట్ అవదు. ఓనర్లు ఒకసారి లాగిన్ అయి మీ హాలు క్యాలెండరు, చేతి పుస్తకం పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉన్న పూటలు మాకు పంపండి.